మొగులైతే బుగులైన ఏడాది

పిడుగు పడ్డది నా మీద కాదు, సాయిలు మీద. నా ఒంటి మీద చిన్న గీత సుత పడలే. ఊర్ల అందరు "బాల్‌రాజు అదృష్టవంతుడు" అన్నరు. ఆ అదృష్టాన్ని పట్టుకొని ఏడాది పొద్దు ఎట్ల బతికిన్నో చెప్పాలంటే ఇప్పుడు సుత నోరు ఎండుతది. అయినా రాస్తున్న. నాలెక్కనే ఎవలకు చెప్పుకోలేక, సొంత ఇంట్లోళ్లను దొంగలను చూసినట్టు చూసుకుంట బతికేటోళ్లు ఇంక ఉంటరు. వాళ్లల్ల ఒక్కలన్న ఇది చదివి, జర ముందుగాల్నే బస్సెక్కితే చాలు.

మాది ఎల్లారెడ్డి పక్కన పల్లె. వరి పెడతం. సాయిలు మా చిన్నాయన కొడుకు, నాకంటె చిన్నోడు. వాని మడి, నా మడి ఆనుకొనే ఉంటయి. నారు పోసుడు కాడికెల్లి కోతల దాక కలిసే చేసుకునేటోళ్లం.

ఆ వానాకాలం నాట్ల రోజుల్ల, పగటీలి బువ్వ తిన్నంక నల్ల మబ్బు పట్టి మొగులు కమ్మింది, వాన అందుకున్నది. నాటేసే కైకిలోళ్లు ముందే ఇండ్లకు పోయిండ్రు. మేమిద్దరం యూరియా సంచులు నెత్తిన కప్పుకొని ఒడ్డు మీద నడుస్తున్నం. సాయిలు ముంగట, నేను ఎనుక. వాడు ఎనుకకు తిరిగి, నా దిక్కు మర్రి ఒక మాట అని నవ్విండు. అంతల్నే లోకమంత తెల్లగ అయిపోయింది. చప్పుడు నాకు ఇనబడలే. కండ్లు తెరిచేసరికి నేను మడిల పడి ఉన్న. సాయిలు ఒడ్డు మీద బోర్ల పడి ఉన్నడు. వాన్ని పిలిచిన. పిలిచిన అనే అనుకుంటున్న, ఎందుకంటె నా గొంతు నాకే ఇనబడలే.

అంతకన్న ఎక్కువ రాయను.

వాన్ని ఇంటికి తెచ్చిన దినం, ఆడోళ్లందరి నడుమల కూసున్న సావిత్రి, సాయిలు పెండ్లాం, నన్ను చూసి ఒక్కటే మాట అడిగింది. "బావా, ఆఖరికి ఏమన్నడు?" నాకు చెవులు ఇంక గుయ్యిమంటనే ఉన్నయి గని ఆ మాట మాత్రం మంచిగ ఇనబడ్డది. జవాబు చెప్పకుండ లేచి బయటికొచ్చిన. ఆ దినం నుంచి వాళ్ల ఇంటి ముంగటికెల్లి నడుసుడు బంద్ చేసిన. పొలంకు పోవాలంటె చుట్టు తిరిగి పోయేది.

మొదట్ల నాకేం కాలే. అదే నన్ను మోసం చేసింది. సాయిలు మడి నాట్లు, నా మడి నాట్లు రెండు నేనే నిలబడి ఏపిచ్చిన. "గట్టి గుండె" అన్నరు. బతుకమ్మ పండుగ దగ్గరికొచ్చినంక షురూ అయింది. మొగులు జర నల్లబడితే చాలు, నాలుక మీద ఇనుము రుచి వచ్చేది. అరచేతులల్ల చెమట. కుక్కర్ సీటీ కొడితే లేచి నిలబడేటోన్ని. పండుకుంటె కండ్లు మూసుడే భయం, మూస్తే మల్ల ఆ తెలుపు.

ఒకనాడు ఎల్లారెడ్డి బస్టాండు దిక్కు పోయిన, వరికి మందు సంచి తెద్దామని. రోడ్డు పక్కన ఎవలో ట్రాలీకి వెల్డింగ్ చేస్తున్నరు. ఆ మెరుపు కంట్ల పడ్డదో లేదో, నేను రోడ్డు మీద బోర్ల పడుకొని నెత్తి మీద చేతులు పెట్టుకున్న. షేర్ ఆటోలోళ్లు ఆపి చూసిండ్రు. "పొద్దుగాల్నే ఏసిండురా" అని ఒకడు నవ్విండు. నాకు సిగ్గనిపించలే. తాగిండనుకుంటె మంచిదే అనుకున్న. తాగినోనికి ఊర్ల ఒక జాగ ఉంటది. భయంతోటి బుగులు పట్టిన మగోనికి ఏం జాగ ఉంటది?

మా అవ్వకు, కన్నతల్లి కదా, ముందు తెలిసింది. తాయత్తు కట్టే ఒకాయన దగ్గరికి తోలుకపోయింది. ఆయన పొగ ఏసి, నల్లదారం కట్టి, "వీని మీదికి రావలసింది ఇంకొకని మీదికి పోయింది" అన్నడు. అవ్వ ఇంటికొచ్చినంక తలుపు దగ్గరికేసి చెప్పింది.

"సావిత్రి మనసుల గదే ఉంటది బిడ్డా. నా మొగడు పోయిండు, వీడు ఎందుకు మిగిలిండు అని. దాని కంట్ల పడకు."

అవ్వను తప్పు పట్టను. ఆమెకు కొడుకు కావాలె, అంతే. గని ఆ మాట నా లోపల మొలకెత్తింది. అప్పటి నుంచి ఎవలు నా దిక్కు చూసినా, ఎందుకు చూసిండ్రు అని లెక్క తీసేటోన్ని.

ఇగ ఇంట్ల మొదలువెట్టిన. నా పెండ్లాం సునీత ఎన్నడు గుట్టు లేని మనిషి. ఏది మాట్లాడినా వాకిట్లున్నోళ్లందరికి ఇనబడాలె. గసొంటిది, ఫోన్ పట్టుకొని పెరట్లకు పోయి సన్నగ మాట్లాడుడు షురూ చేసింది. నేను పోతే "మల్ల చేస్త" అని పెట్టేసేది. కొన్ని దినాలు ఎండ మండుతుండంగనే కిటికీలకు చెద్దర్లు కట్టేది. "ఎందుకే" అంటే "దుమ్ము వస్తున్నది" అనేది. ఆకు కదలకపోయినా దుమ్మే. ఆ వెంటనే నన్ను లోపలి అర్రల కూసోవెట్టి పల్లికాయ ఒలువుమనేది, టీవీ గట్టిగ పెట్టేది. నలుగురికి కనబడకుండ నన్ను దాస్తున్నది అనుకున్న. పిచ్చోడు ఇంట్ల ఉన్నడని తెలిస్తే పరువు పోతదని.

ఆమె తమ్ముడు మల్లేశం ఉండేది పెద్దకొడప్‌గల్‌ల. ముందు ఏడాదికోసారి వచ్చేటోడు, ఇప్పుడు ఊకె వస్తున్నడు. వచ్చి నా పొలం దిక్కు పోయొస్తున్నడు. నీళ్లు ఎట్లున్నయి, మోటరు మంచిగ నడుస్తున్నదా అని అడుగుతున్నడు. ఒకనాడు చాయ తాగుకుంట మెల్లగ అన్నడు.

"బావా, కామారెడ్డి దవాఖానల మనసు గురించి మాట్లాడే మేడం ఒకామె ఉన్నదట. కౌన్సెలర్ అంటరు. ఒక్కపారి పోయొద్దామా?"

"నాకు మనసు బాగలేదని నీకు ఎవలు చెప్పిండ్రు?"

వాడు సునీత దిక్కు చూసిండు. సునీత నేల దిక్కు చూసింది. నాకు అంతా కలిసింది. ఫోన్లు, చెద్దర్లు, పొలం చూసుడు, ఇప్పుడు కామారెడ్డి. నేను పిచ్చోన్నని దవాఖానోళ్లతోటి అనిపిస్తే, పొలం అక్క చేతికి, అక్క చేతికెల్లి తమ్ముని చేతికి. ఆ రాత్రి నుంచి పొలం పాస్‌బుక్కు నా పరుపు కింద పెట్టుకొని పండుకున్న. ఇప్పుడు రాస్తుంటె నవ్వొస్తది. అప్పుడు అది నవ్వే ముచ్చట కాదు.

చలికాలంల కామారెడ్డికి పోయిన. ఎందుకు పోయిన్నంటె, పోకపోతే నిజంగనే పిచ్చోడు అంటరని. పోయి, నాకేం లేదని ఆ మేడంతోటే అనిపించుకొని వద్దామని. బస్సుల సునీత కిటికీ దిక్కు కూసుంట అంటే నేనే కూసున్న, ఎటు తోలుకపోతున్నదో చూసుకుందామని. తెలిసిన తొవ్వే, చిన్నప్పటి నుంచి తిరిగిన తొవ్వే.

దవాఖాన వరండాల బల్లల మీద మంది కూసున్నరు. నా పక్కకు మహమ్మద్‌నగర్ దిక్కు నుంచి వచ్చిన ముసలాయన ఒకడు. తువ్వాలల కట్టుకొచ్చిన మక్కప్యాలాలు నా ముంగట పెట్టిండు.

"మొదటిపారా? బుగులు పడకు. లోపల సూది ఉండదు."

నేను ప్యాలాలు ముట్టలే. ఈయన నాతోటి ఎందుకు మాట కలుపుతున్నడు, నా నోట్లకెల్లి ఏమన్న ఇనాల్నని కూసోవెట్టిండ్రా అని చూస్తున్న. అంతల్నే నెత్తి మీద ట్యూబులైటు టప్పుమని కొట్టుకొని, ఆరి, మల్ల తెల్లగ వెలిగింది.

నేను బల్ల కిందున్న.

ఎప్పుడు పోయిన్నో తెల్వదు. చెప్పులు కనబడుతున్నయి, అన్ని నా దిక్కే మర్రి ఉన్నయి. ఎవలో "అయ్యో" అంటున్నరు. అప్పుడు ఆ ముసలాయన రెండు చేతులు బల్ల మీద ఆనిచ్చి, మూలుక్కుంట, మెల్లగ నేల మీద నా పక్కకొచ్చి కూసున్నడు. గట్ల కూసునుడు రోజుటి పనే అన్నట్టు. తువ్వాల మల్ల ఇప్పిండు.

"నాకు మోకాళ్ల నొప్పులు బిడ్డా" అన్నడు. "కూసున్న గని, లేస్తనో లేదో. నువ్వు లేచినంక నన్ను జర లేపాలె."

ఆయన పేరు సుత అడగలే నేను. ఆయనను లేపాలె కాబట్టి లేచిన.

లోపల మేడం ఉన్నది. చిన్న వయసు. నా బిడ్డంత ఉంటదేమో, ఈమెకేం తెలుసు అనుకున్న. ఎదురుంగ కాదు, జర పక్కకు కుర్చీ ఏసుకొని కూసున్నది. అది సుత నాకు అనుమానమే. ముఖం చూస్తలేదంటె నా చేతులు చూస్తున్నదని, చేతులు వణుకకుండ తొడల కింద పెట్టుకున్న.

"మీరు చెప్పింది మీ ఇంట్లవాళ్లకు సుత నేను చెప్పను" అన్నది. "మీ ప్రాణానికో ఇంకొకరి ప్రాణానికో ముప్పుంటె తప్ప."

'తప్ప' అన్నది. అందరి మాటల్ల ఒక 'తప్ప' ఉంటది అనుకున్న.

"నిద్ర పడుతున్నదా?"

"మంచిగ పడుతది."

"ఆకలి?"

"మస్తు."

"బుగులు అనిపిస్తదా?"

"నాకెందుకు?"

పోలీస్ ఠాణల చెప్పినట్టు చెప్పిన. ఆమె కోపం చేయలే, అబద్ధమని అనలే. "బయట లైటు కొట్టుకుంటున్నది, మార్పియ్యమని చెప్పిన" అన్నది. "వచ్చేవారం రాండ్రి. మాట్లాడబుద్ధి కాకుంటె ఊకె కూసొని పోండ్రి."

బయటికొస్తే సునీత అడిగింది, "ఏమన్నదయ్యా?"

"నాకేం లేదన్నది."

అయినా మల్ల పోయిన. ఎందుకో సక్కగ చెప్పలేను. నన్ను అబద్ధాలకోరు అనకుండ అబద్ధాలు ఇన్నది ఆమె ఒక్కతే, అందుకేనేమో. ఇంకోపారి పోతే వరండాల లైటు మారి ఉన్నది. అది చూసి కొంచెం నమ్మిన. కొంచెమే.

నాలుగైదు పార్లు పోయినంక ఆమె ఒక ముచ్చట అడిగింది. "మీ ఇంట్ల ఎద్దు ఎన్నడన్న బెదిరిందా?"

మా నాయిన ఉన్నప్పుడు ఎడ్లుండేటియి. ఒక ఎద్దు మూలమలుపు కాడ లారీ హారన్‌కు బెదిరి, తర్వాత ఆ జాగకు పోంగనే ఆగిపోయేది. ఆ ముచ్చట చెప్పిన.

"మరి ఏం చేసిండ్రు?"

"పగ్గం దగ్గరికి పట్టుకొని, మెడ మీద చెయ్యేసి, కొద్ది దూరం నడిపిచ్చి ఎనుకకు తెచ్చేది. తెల్లారి ఇంకింత దూరం. కొట్టద్దు. కొడితే పాడైతది."

"ఎద్దుకు పిచ్చి అన్నరా ఎవరన్న?"

"పిచ్చేంది మేడం? బెదిరింది, అంతే."

తొడల కిందున్న చేతులు తీసి పైన పెట్టుకున్న. అవి వణుకుతున్నయి, వణుకనీ అనుకున్న.

అయినా ఇంట్లోళ్ల మీద అనుమానం పోలే. బుగులు ఒప్పుకునుడు అల్కగ అయింది గని, సునీత నన్ను మోసం చేస్తలేదని ఒప్పుకునుడు కాలే. మేడంకు ఆ ముచ్చటనే చెప్పలే. ఆమె వాళ్ల దిక్కు మాట్లాడుతదేమోనని.

ఎండకాలం, మామిడికాయలు పెద్దగ అయిన దినాలు. యాసంగి వరి కోతకొచ్చింది. సాయంత్రం కాకముందే సునీత మల్ల చెద్దర్లు కట్టుడు షురూ చేసింది. ఆకాశంల ఒక్క మొగులు ముక్క లేదు. నాకు నెత్తి తిరిగింది.

"ఆ ఫోన్ ఇటియ్యి" అన్న.

"ఎందుకు?"

"ఎవనితోటి మాట్లాడుతున్నవో నేను చూడాలె. నా ఎనుక మీ అక్కతమ్ముండ్లు ఏం చేస్తున్నరో ఇయ్యాల తెల్వాలె."

ఆమె ఏడ్వలే, కొట్లాడలే. అలిసిపోయినట్టు ఫోన్ నా చేతుల పెట్టింది. పెట్టిన మరుక్షణమే అది మోగింది. మల్లేశం పేరు. నేను ఎత్తి, ఏం మాట్లాడకుండ చెవికి ఆనిచ్చుకున్న.

"అక్కా, ఇక్కడ గాలి లేచింది. ఉరుములు సుత షురూ అయినయి. అటే వస్తున్నది, జల్దే వస్తది. బావ పొలంకాడ ఉంటె ఇంటికి పిలువు. చెద్దర్లు కట్టినవా? టీవీ పెట్టు, గట్టిగ పెట్టు. కరెంటు పోతే రేడియో ఉన్నది కదా, మొన్న నేను తెచ్చింది... అక్కా? ఇనబడుతున్నదా?"

ఫోన్ సునీతకు ఇచ్చిన. ఆమె "ఇన్నడురా" అని పెట్టేసింది.

ఆ దిక్కు కురిస్తే కొంచెం సేపటికి మా దిక్కు కురుస్తది. అక్క అడిగితే వాడు మొగులు చూసుకుంట కూసున్నడు, అన్ని నెలలు. పొలం చూసింది నేను ఒక్కన్నే ఉంటె దాసుకునే జాగ ఉన్నదా లేదా అని. మోటరు గురించి అడిగింది, నేను పోకుండ దూరం నుంచే షురూ చేసే పెట్టె పెట్టొచ్చా అని. ఇవన్ని ఆ సాయంత్రం సునీత ఒక్కొక్కటి చెప్పింది.

"ముందే ఎందుకు చెప్పలే?" అన్న.

"మొగులు వస్తున్నదని చెప్తే అప్పటి నుంచే వణుకుతవు. చెప్పకపోతే అనుమాన పడుతవు. నేనేం చేయాలె చెప్పు? నాకు సుత బుగులే. నిన్ను చూస్తే బుగులు, నీకు తెలుస్తదేమోనని బుగులు. నేను ఎవలకు చెప్పుకోవాలె?"

గాలి వచ్చింది. ఉరిమింది. నేను మూలకు పోయి ముడుచుకున్న. సునీత వచ్చి పక్కకు కూసున్నది. ఆమె చెయ్యి పట్టుకుంటె నా చెయ్యికన్న ఎక్కువ వణుకుతున్నది. నేను ఒక్కన్నే జబ్బు పడ్డ అనుకున్న. మా ఇల్లంత పడ్డది.

తర్వాతి వారం మేడంకు అంతా చెప్పిన. ఒడ్డు, తెలుపు, తాయత్తు, పరుపు కింద పాస్‌బుక్కు, ఫోన్. చెప్పుకుంట ఏడ్చిన. ఆమె ఇన్నంక అన్నది. "పిడుగు చెప్పకుండ వచ్చింది. అందుకే మీ మనసు అన్నిటిని ముందే పసిగట్టాలని చూస్తున్నది. కిటికీల, ఫోన్ల, మనుషులల్ల, అంతట వెతుకుతున్నది. అనుమానం మీ గుణం కాదు, ఆ దెబ్బ చేసే పని. కొద్దికొద్దిగ తగ్గుతది." ఉరిమినప్పుడు కాళ్లు నేలకు గట్టిగ ఆనిచ్చి, కండ్లకు కనబడేటియి ఒక్కొక్కటి పేరు పెట్టి పిలుసుడు నేర్పింది. గోడ, గడియారం, బిందె, సునీత. నిద్ర కోసం డాక్టరుకు చూపిచ్చింది. సునీతను సుత వేరుగ కూసోవెట్టి మాట్లాడింది. ఆమె ఏం చెప్పుకున్నదో నేను అడగలే. అడగబుద్ధైంది, చానా.

మల్ల వానాకాలం వచ్చింది. నారు పోసిన. ఒకనాడు పొద్దుగాల చుట్టు తొవ్వ తిరిగి పోకుండ, సావిత్రి ఇంటి ముంగట నిలబడ్డ. కాళ్లు నేలకు ఆనిచ్చి. అవ్వ చెప్పిన మాట ఇంక లోపల ఉన్నది. ఆమె బయటికొచ్చి నన్ను చూసి కొంగు సదురుకున్నది. ఆమె కండ్లల్ల నేను వెతికిన. ఎందుకు మిగిలినవు అని ఉన్నదా అని. నాకేం తెలుస్తది, కండ్లు అలిసి ఉన్నయి అంతే.

"కూసో బావా" అన్నది. "నా మీద కోపమున్నదనుకున్న. ఇటు రాకపోతివి."

"నాకు కోపమెందుకు?"

"ఏమో. ఆ దినం అందరి ముంగట గట్ల అడిగిన. తప్పైందనుకున్న."

ఏడాది నుంచి ఆమె ఇదనుకుంట కూసున్నది, నేను అదనుకుంట తిరిగిన. గడప మీద కూసున్న. చెప్పిన.

"సాయిలు ఎనుకకు మర్రి అన్నడు, 'అన్నా, జేబుల బీడీకట్ట తడిసిపోయింది, మా సావిత్రి మానుమంటె మానకపోతి, వాన మానిపిచ్చింది' అని. అని నవ్విండు. గంతే. ఇగ ఏమనలే."

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. ఫక్కున నవ్వింది. "బీడీలా?" అన్నది. నవ్వుకుంటనే ఏడ్చింది, చానా సేపు. నేను లేచి పోలే. పోదామనిపిచ్చింది గని పోలే.

కండ్లు తుడుసుకున్నంక అడిగింది, "సునీతక్క చెప్పింది, కామారెడ్డిల ఎవలో మేడం దగ్గరికి పోతున్నవట. ఏం చేస్తదామె? మొగడు పోయినదానికి గోలి ఉంటదా?"

"ఉండదు."

"మరి?"

"కూసొని ఇంటది."

సావిత్రి నన్ను అనుమానంగ చూసింది. ఆ చూపు నాకు కొత్త కాదు. నేను సుత గట్లనే చూసిన, ఆ వరండాల, ఆ ముసలాయనను, మేడంను, అందరిని.

తర్వాతి వారం బస్సుల మేం ముగ్గురం పోయినం. సునీత, సావిత్రి ముందు సీట్ల, నేను ఎనుక. ఆకాశంల మొగులు లేదు, నేను చూసిన, ఇంక చూస్తనే ఉంట. కామారెడ్డి దగ్గరికొస్తుండంగ సావిత్రి ఎనుకకు మర్రింది.

"ఎంతసేపు ఇంటది బావా?"

"నువ్వు చెప్పేదాంక" అన్న.

ఆమె నమ్మలే. నమ్మకుండనే దిగింది.